చి.ల.సౌ. నమ్రత కనబడుటలేదు

ఆ రోజు ఉదయం నమ్రత పెట్టుకున్న పనులు రెండే. ఆఫీసు పని మొదలయ్యేలోపు పెళ్లి పత్రిక అందరికీ పంపేయడం, తరువాత తలస్నానం చేయడం. తలస్నానం అనుకున్నట్టే జరిగింది.

నమ్రత చింతామణిలో తమ ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీ ఒకదానికి వెబ్ పేజీలు తయారుచేసే ఉద్యోగం చేస్తుంది. అందుకే పెళ్లి పత్రికను అచ్చు వేయించకుండా తానే ఒక పేజీగా చేస్తానంది. బజారు వీధిలో బట్టల అంగడి నడిపే తండ్రి అశ్వత్థనారాయణ ఒప్పుకున్నాడు కాని ఒక షరతు పెట్టాడు. "తెలుగులో ఉండాల. మదనపల్లి వాళ్ళకి, హిందూపురం వాళ్ళకి కన్నడం రాదు." నమ్రత చదువంతా కన్నడంలోనే సాగింది. తెలుగు అక్షరాలు మాత్రం నాన్న తెప్పించే పేపరులో, అదీ చిన్న ప్రకటనల పేజీలో, కూడబలుక్కుని నేర్చుకుంది. కాబట్టి పత్రికలోని తెలుగు కాస్త ప్రకటనల వాసన కొట్టింది.

పేజీలో ఉన్నవి రెండే ఫొటోలు. వరుడు ధనుంజయది బాగేపల్లి. రేష్మె ఇలాఖెలో, అంటే పట్టు శాఖలో, ఉద్యోగం. పట్టుపురుగులు పెంచే రైతుల దగ్గరికి తిరిగే పని. ఫొటో పంపమని నమ్రత మెసేజి పెడితే "సరే" అని జవాబిచ్చి, ఆ తరువాత ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఆమే ఇలాఖె వెబ్‌సైటులో వెతికి, అతను పట్టుగూళ్ల తట్ట పట్టుకుని నవ్వుతున్న ఫొటో పట్టుకుని, దాని చిరునామాను పేజీలో పెట్టింది. పెళ్లిచూపుల నాడు కూడా అతను నోరు తెరిచింది రెండుసార్లే. ఒకసారి నమస్కారం అన్నాడు, ఇంకోసారి కాఫీ బాగుందన్నాడు. ఇతనికి ఈ పెళ్లి ఇష్టమేనా, పెద్దవాళ్ల మాట తీసేయలేక తల ఊపాడా అన్న అనుమానం నమ్రత మనసులో అప్పటినుంచీ కదులుతూనే ఉంది. ఎవరితోనూ అనలేదు.

ఇక తన ఫొటో. అది ఆమె లాప్‌టాప్‌లో ఉంది. ఫలానా డ్రైవు, ఫలానా ఫోల్డరు అని ఫైలుకు ఒక దారి ఉంటుంది. ఆ దారిని, ఎవరు ఎక్కడ నొక్కినా తెరుచుకునే పూర్తి వెబ్ చిరునామాగా మార్చాలి. ఆఫీసులో రోజూ చేసే పనే కదా అని, తొందరలో చేతికి అందిన ఆదేశం ఒకటి కోడులో రాసేసింది. అది బుద్ధిగా దారిని చిరునామాగా మార్చిపెట్టింది. మొదట "ఫైల్" అన్న మాట, ఒక కోలన్, మూడు గీతలు, వాటి వెనక తన లాప్‌టాప్ లోపలి దారి మొత్తం. చూడటానికి అన్ని హంగులూ ఉన్న చిరునామా. నొక్కి చూసింది. ఫొటో టక్కున తెరుచుకుంది. తెరుచుకోక ఏంచేస్తుంది, ఫొటో ఉన్నది ఆ లాప్‌టాప్‌లోనే. ఇంకెవరి ఫోను నుంచి నొక్కినా అది ఆ ఫోనులోనే నమ్రత ఫోల్డరును వెతికి, దొరక్క, చేతులెత్తేస్తుంది.

ఏ కారణం చేతనైనా ఫొటో రాకపోతే ఆ ఖాళీలో ఏం కనిపించాలో కూడా ఆమె ముందుచూపుతో రాసిపెట్టింది. వధువు పేరు, ఆ పక్కన పేపరులో చదివి నేర్చుకున్న మర్యాద మాట ఒకటి, కింద ఇంకో వాక్యం.

అశ్వత్థనారాయణ, ఆయన భార్య అంబుజమ్మ లాప్‌టాప్ ముందు నిలబడి పేజీ చూసి మురిసిపోయారు. అంబుజమ్మ కళ్లు తుడుచుకుంది. అశ్వత్థనారాయణ తన ఫోను నుంచి దాన్ని చుట్టాలందరికీ పంపించాడు. ఒకసారి చూసిందాన్ని మళ్లీ ఫోనులో తెరవడమెందుకని తెరవలేదు.

బాగేపల్లిలో వేరుశనగ వ్యాపారి గంగప్ప, అంటే ధనుంజయ తండ్రి, ఫోను తెరిచి చూశాడు. హిందూపురంతో పాత వ్యాపారం ఉన్నవాడు కనుక ఆయనకు తెలుగు చదవడం వచ్చు. కొడుకుకు రాదు. "ఏమి రాసినారు నాయనా?" అని ధనుంజయ ఆత్రంగా పక్కకొచ్చి కూర్చున్నాడు. ఒక వైపు గూళ్ల తట్టతో తాను నవ్వుతున్నాడు. రెండో వైపు ఖాళీ చదరం, అందులో అక్షరాలు.

గంగప్ప గొంతు తగ్గించి చదివాడు. "చి.ల.సౌ. నమ్రత కనబడుటలేదు. దయచేసి కొంతసేపటి తర్వాత మరల ప్రయత్నించండి. వివరములకు సంప్రదించండి: అశ్వత్థనారాయణ, బట్టల వ్యాపారి, చింతామణి." కింద ఫోను నంబరు.

గంగప్ప ఆ వాక్యాన్ని లోలోపల మళ్లీ ఒకసారి చదువుకున్నాడు.

"కొంతసేపటి తర్వాత అంటే," అన్నాడు గంగప్ప చివరికి, "అంతలోపల దొరుకుతాదని నమ్మకమేమో పాపం."

ఆయన సున్నితమైన మనిషి. అవతలివాడి పరువు పోయే మాటను సూటిగా అడగలేడు. అందుకే చింతామణికి ఫోను చేసి చుట్టూ తిప్పి అడిగాడు.

"బావా, పేజీ చూసినాము."

"చూసినారా! ఎట్లుండాది బావా?" అన్నాడు అశ్వత్థనారాయణ అంగట్లో బేరం మధ్యనుంచి.

"ఏమి చెప్పేది బావా. మనసుకి ఒకమాదిరి అయిపోయింది."

"మాకీ అట్లే. మా ఆమె చూసి ఒకటే ఏడుపు."

"ఏడవకుండా ఎట్లుంటాది, కన్న కడుపు కదా. అయితే బావా, ఊరంతా పంపేసినట్టుండారే. కొంచెం గుట్టుగా పెట్టుకోనుంటే..."

"గుట్టేంటికి బావా? ఇట్లాంటిది నలుగురికి చెప్పుకుంటేనే కదా. మదనపల్లి నుంచి అప్పుడే ఫోన్లు వస్తాండాయి."

"ఏమన్నా తెలిసిందంటనా?"

"అందురికీ తెలిసింది!" అన్నాడు అశ్వత్థనారాయణ సంతోషంగా. "ఉండు బావా, చీర ధర అడగతాండారు, మళ్లీ చేస్తా."

గంగప్ప ఫోను కింద పెట్టి తల పట్టుకున్నాడు. "మనిషికి మతి చలించింది రా," అన్నాడు కొడుకుతో. "నవ్వతాండాడు. ఇట్లాంటప్పుడు మనము పక్కన నిలబడాల. నేను చింతామణి పోయొస్తా." అని కారు తీసి చేలూరు దారి పట్టాడు.

ధనుంజయ ఒంటరిగా కూర్చుని ఆలోచించాడు. నమ్రత నంబరు ఫోనులోనే ఉంది. కాని వద్దనుకుని వెళ్లిపోయిన మనిషిని ఫోను చేసి విసిగించడం న్యాయం కాదనిపించింది. తప్పు తనదేనని తేల్చుకున్నాడు. పెళ్లిచూపుల్లో నాలుగు మాటలు ఆడి ఉంటే, అడిగిన ఫొటో పంపి ఉంటే, తన మనసులో ఏముందో చెప్పే ధైర్యం ఆ అమ్మాయికి వచ్చి ఉండేది. ఫొటో పంపకపోవడానికి కారణం కూడా చిన్నదే. ఉన్నవన్నీ పురుగులతో దిగినవి. మంచిది ఒకటి తీయించుకుందామని ఆగాడు.

ఇప్పుడు ఊళ్లో వాళ్లు ఆమెనే అంటారు. అమ్మాయి వెళ్లిపోయిందన్న మాట ఏళ్ల తరబడి నలుగుతుంది. అబ్బాయి వద్దన్నాడంటే ఒక వారం తిట్టి మరిచిపోతారు. ఇలా అనుకోగానే అతను మోటారు సైకిలు తీసి పేరేసంద్ర మీదుగా చిక్కబళ్లాపురం బయలుదేరాడు. సంబంధం కుదిర్చింది అక్కడుండే శ్రీనివాసమూర్తి. అంబుజమ్మకు అన్న, నమ్రతకు మేనమామ. ముందు ఆయనకే చెప్పాలి.

శ్రీనివాసమూర్తికి కంటి ఆపరేషను అయి, ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టి ఉంది. ఫోను చూడకూడదని డాక్టరు ఆజ్ఞ. కాబట్టి లోకంలో ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. ధనుంజయ ఆయన ముందు నిలబడి, దారి పొడుగునా కూర్చుకున్న అబద్ధం చెప్పేశాడు.

"అప్పా, నాకి ఈ పెండ్లి వద్దు. తప్పంతా నాదే. వాళ్లనెవురినీ ఏమీ అనొద్దండి."

"ఏంటికి వద్దు?" అన్నాడు శ్రీనివాసమూర్తి నిర్ఘాంతపోయి.

ఈ ప్రశ్నకు ధనుంజయ ఏ జవాబూ తయారు చేసుకోలేదు. "ఊరికేనే," అన్నాడు.

శ్రీనివాసమూర్తి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, లోపలికి పోయి, ఒంటికన్నుతో నంబరు వెతుక్కుని నమ్రతకే ఫోను చేశాడు. "అమ్మా, మీ నాయనకి చెప్తే గుండె ఆగిపోతాది, నీకి చెప్తాండా. ఆ పిల్లోడు వచ్చి మా ఇంట్లో కూర్చోనుండాడు. పెండ్లి వద్దంటాండాడు."

నమ్రతకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ మనసులో దాచుకున్న అనుమానమే నిజమైంది. నిజమైనా సరే, ఆ మాట తన మొహం చూసి చెప్పాలి. "అతన్ని యాడికీ పోనీయొద్దు మామా. నేను వస్తాండా," అంది. ఫోనును ఛార్జింగులో పెట్టి, తడి జుట్టును అలాగే ముడేసుకుని, ఆఫీసు పనికి అలవాటుగా లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, తలుపుకు తాళం వేసి బస్సెక్కింది. ఫోను ఛార్జింగులోనే ఉండిపోయిందన్న సంగతి బస్సు శిడ్లఘట్ట దాటాక గుర్తొచ్చింది.

ఆమె వెళ్లిన కాసేపటికి గంగప్ప కారు చింతామణి బజారులో ఆగింది. చెప్పాపెట్టకుండా వచ్చిన వియ్యంకుణ్ణి చూసి అశ్వత్థనారాయణ పొంగిపోయాడు. అంగట్లోనే ఉన్న అంబుజమ్మను కూడా పిలుచుకుని, "కోడలి చేతి కాఫీ తాగుదువు రా బావా," అంటూ ఇంటికి తీసుకుపోయాడు. గంగప్ప జాలిగా చూస్తూ వెనకే నడిచాడు.

ఇంటికి తాళం ఉంది. నమ్రత నంబరుకు ఫోను చేస్తే తలుపు అవతల మోగింది.

"తలకి పోసుకుంటా అనింది కదా," అంది అంబుజమ్మ. "యాడికి పోయింటాది?"

గంగప్ప ఇక ఆపుకోలేకపోయాడు. "బావా, చెల్లెమ్మా, నా దగ్గర దాచొద్దండి. అంతా తెలుసు. మీరే కదా ప్రకటన వేయించినారు." తన ఫోను తీసి చూపించాడు.

అశ్వత్థనారాయణ చదివాడు. కూతురి పేరు. కనబడుటలేదు. కింద తన పేరు, తన అంగడి, తన నంబరు. తలెత్తి తాళం వైపు చూశాడు. మళ్లీ ఫోను చూశాడు. ఆయనకు అంతా అర్థమైనట్టయింది.

"పోతూ పోతూ తానే ప్రకటన రాసి పెట్టి పోయిందే," అన్నాడు. "నా చేతనే అందురికీ పంపించిందే!"

అంబుజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత దుఃఖంలోనూ ఆమెకు కూతురి గుణమే గుర్తొచ్చింది. "మొదటినుంచీ అంతే. ఏ పని పట్టినా సగంలో విడిచిపెట్టదు," అంది.

ఏం చేయాలో తోచక ముగ్గురూ గంగప్ప కారులోనే చిక్కబళ్లాపురం బయలుదేరారు. కష్టమొచ్చినప్పుడు అంబుజమ్మ మొదటినుంచీ అన్న దగ్గరికే పోతుంది.

అప్పటికి నమ్రత మామ ఇంటి గడపలో నిలబడి ఉంది. బస్సులో వస్తున్నంత సేపూ ఏమేం అడగాలో వరసగా కూర్చుకుంది. ఆమెను చూడగానే ధనుంజయ కుర్చీలోంచి లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది.

"మీరా? బాగుండారా?" అన్నాడు. తరువాత, "అన్నం తిన్నారా?"

ఆమె కూర్చుకున్న ప్రశ్నల్లో దేనికీ ఇది జవాబు కాదు.

"తినలేదు. నన్ను వద్దనేదానికి ఇంతదూరం వచ్చినారంట కదా. ఆ మాట నాతోనే చెప్పండి."

"అట్ల కాదు. మీరు భయపడొద్దండి." ధనుంజయ గొంతు తగ్గించాడు. "మీరు యాడికి పోవాల్నో చెప్పండి, బస్సెక్కించి వస్తా. ఎవురికీ చెప్పను. అందురితో నేనే వద్దన్నానని చెప్పేసినా."

"నేను యాడికి పోతా?"

"అదే... మీరు వెళ్లిపోయినారు కదా."

"యాడినుంచి?"

ధనుంజయ, తండ్రి తనకు పంపిన పేజీని ఫోనులో తెరిచి ఆమె చేతికిచ్చాడు. గూళ్ల తట్ట, నవ్వు, ఆ పక్కన ఖాళీ చదరంలో తాను ఎంతో ముందుచూపుతో రాసిన వాక్యం. నమ్రత దాన్ని చదివింది. కింద నాన్న నంబరు దాకా చదివింది. మొహం ఎర్రబడింది. తరువాత ఆ పడిపోయిన కుర్చీ పక్కనే నేల మీద కూర్చుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"ఇది నేను పోయినానని కాదు. నా ఫొటో రాలేదని," అంది, ఊపిరి తీసుకుని. "మా ఇంట్లో బీరువా, రెండో అర అని మాత్రమే రాసి ఉత్తరం వేస్తే బాగేపల్లిలో ఎవురికి చేరతాది? నేను అట్లాంటి అడ్రసు రాసినా. ఊరూ పేరూ లేకుండా ఇంటి లోపలిది మాత్రము. అందుకే మా ఇంట్లో ఉండే లాప్‌టాప్‌లోనే కనిపించింది."

"అంటే మీరు యాడికీ పోలేదు."

"తలకి పోసుకున్యా. అంతే."

ధనుంజయ కుర్చీ నిలబెట్టి, దానిలో కాక ఆమెకు ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఆమె నవ్వు ఆగింది. "నేను పోయినానని నమ్మినారు, సరే. మీరే వద్దన్నారని చెప్పుకునేది ఏంటికి? ఊరంతా మిమ్మల్ని తిట్టదా?"

"నన్నంటే ఒక వారం తిడతారు. మిమ్మల్నంటే విడిచిపెట్టరు." అతను నేల వైపు చూస్తూ మిగతాది చెప్పాడు. "ఆ రోజు కాఫీ బాగుండాదని చెప్పినా. మీరు బాగుండారని చెప్పాలని వచ్చినా. నోరు రాలేదు."

ఇంత పొడుగు మాట అతని నోట వినడం నమ్రతకు అదే మొదటిసారి. దాన్ని తొందరగా ముగించడం ఇష్టం లేక ఊరుకుంది. తరువాత లాప్‌టాప్ తీసి కోడు తెరిచింది. తప్పు ఉన్న చోటు వెంటనే తగిలింది. "ఫొటోను వెబ్‌సైటులో పెట్టి, సైటు పేరుతో మొదలయ్యే అడ్రసు రాస్తే సరిపోతాది," అంది. "మీదొకటి, నాదొకటి."

"ఇద్దురిదీ ఒకే ఫొటో అయితే," అన్నాడు ధనుంజయ మెల్లగా, "ఒక అడ్రసు చాలు కదా."

నమ్రత టైపు చేస్తున్న వేళ్లు ఆగిపోయాయి. ఇద్దరూ మేడ మీదికి వెళ్లారు. అక్కడ ఫొటో తీసుకుంటే వెనక నంది కొండ బాగా కనిపిస్తుందని మామే చెప్పాడు.

వాళ్లు నీళ్ల ట్యాంకు మీద ధనుంజయ ఫోను నిలబెట్టే ప్రయత్నంలో ఉండగా కింద కారు ఆగింది. శ్రీనివాసమూర్తి ఎదురొచ్చాడు. జరిగింది చెప్పాలని మొదలుపెట్టడమైతే మొదలుపెట్టాడు. "రండప్పా, ఏమాయెనంటే, ఆ పిల్లోడు పొద్దున వచ్చి పెండ్లి వద్దన్యాడు, అయితే..."

ఆ "అయితే" దగ్గరే గంగప్ప అడ్డుపడ్డాడు. "నా కొడుకా? వద్దన్యాడా?" వెంటనే అశ్వత్థనారాయణ రెండు చేతులూ పట్టుకున్నాడు. "అందుకే బావా! నా కొడుకు మాట విని మనసు విరిగి ఇల్లు విడిచి పోయింటాది బిడ్డ. తప్పు మాది."

"కాదు బావా," అన్నాడు అశ్వత్థనారాయణ. "నా కూతురు పోయిందని తెలిసి, మా పరువు కోసము నీ కొడుకు ఆ నింద నెత్తినేసుకున్నాడు. తప్పు మాది."

"అది కాదప్పా, వాళ్లిద్దురూ..." అన్నాడు శ్రీనివాసమూర్తి.

"నువ్వు ఊరుకో బావా, ఆపరేషనైన మనిషివి," అన్నాడు అశ్వత్థనారాయణ.

కాఫీలు వచ్చాయి. తప్పు తమదంటే తమదని ఇద్దరు తండ్రులూ గ్లాసులు చేతిలో పట్టుకుని పోట్లాడారు. చివరికి ఒకరినొకరు బాధపెట్టలేక, ఈ సంబంధం ఇంతటితో వదిలేసుకుందామని, స్నేహం మాత్రం చచ్చేదాకా ఉంచుకుందామని ఒప్పందానికి వచ్చారు. ఇచ్చిపుచ్చుకున్న తాంబూలాలు మంచి రోజు చూసి తిప్పి ఇచ్చేసుకోవాలనుకున్నారు. అంబుజమ్మ ఇద్దరి మంచితనానికీ కలిపి ఏడ్చింది. శ్రీనివాసమూర్తి ఇక మాట్లాడటం మానేసి, వేలితో మేడ వైపు చూపిస్తూ కూర్చున్నాడు. ఆయన దేవుణ్ణి చూపిస్తున్నాడనుకుని గంగప్ప దండం పెట్టుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద నవ్వు వినిపించింది. ముందు నమ్రత, వెనక ఆమె లాప్‌టాప్ మోసుకుంటూ ధనుంజయ దిగి వచ్చారు.

అంబుజమ్మ పరుగున పోయి కూతుర్ని పట్టుకుంది. ముందు కౌగిలించుకుంది, తరువాత వీపు మీద ఒకటి వేసింది, తడి జుట్టు తగిలి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. నమ్రత జరిగింది చెప్పింది. ఎవరికీ సరిగా అర్థం కాలేదు. "తప్పు నాదే," అని ఆమె అనగానే మాత్రం ఇద్దరు తండ్రులూ ఒకేసారి "కాదు, మాది," అన్నారు. చివరికి ఆమె గంగప్ప ఫోనులో పేజీ తెరిచి తల్లి చేతికిచ్చింది.

అంబుజమ్మ ఫోనును దూరంగా పట్టుకుని చూసింది. కొండ ముందర ఇద్దరూ నిలబడి ఉన్నారు. అమ్మాయి కెమెరా వైపు చూస్తోంది. అబ్బాయి చూడవలసిన వైపు చూడకుండా అమ్మాయి వైపు చూస్తున్నాడు.

"ఇద్దురూ బాగుండారు," అంది ఆమె.

"నాయనా," అన్నాడు ధనుంజయ తండ్రితో, ఇంతమంది ముందు గొంతు ఎంత పెంచాలో తెలియక కాస్త గట్టిగానే, "నాకి ఈ పెండ్లి కావాల."

గంగప్ప ఇబ్బందిగా వియ్యంకుడి వైపు చూశాడు. "ఇప్పుడే కద బావా, వద్దని మాటిచ్చుకున్యాము?"

పెళ్లి రద్దు చేసుకోవడానికి వాళ్లకు ఒక కాఫీ తాగేంత సేపు పట్టింది. దాన్ని మళ్లీ ఖాయం చేసుకోవడానికి మాత్రం పొద్దుగూకేదాకా కూర్చోవలసి వచ్చింది. ఎందుకంటే పెళ్లి విస్తట్లో తీపికి ఒబ్బట్టు వేయాలా జహంగీరు వేయాలా అన్న దగ్గర ఇద్దరిలో ఏ ఒక్కరూ తప్పు తమదని ఒప్పుకోలేదు.